కొరికి పెట్టిన రొట్టె

కొడుకు శవం ఇంటికొచ్చి ఇంతసేపైనా అదాలత్ కంట చుక్క నీరు రాలేదు.

కెప్టెన్ మస్తూరా కమాలోవా గడప దాటగానే గమనించింది అదే. వాకిట్లో మగవాళ్లు చావు ఇంటి ఆచారం ప్రకారం నడుములకు గుడ్డలు బిగించుకుని, తలలు వంచుకుని నిలబడ్డారు. లోపలి గదిలో నీలి ముసుగులేసుకున్న ఆడవాళ్లు ఒకరి మెడ మీద ఒకరు పడి శోకాలు పెడుతున్నారు. పక్కింటి ముసలావిడైతే పిల్లవాణ్ణి తనే కన్నట్టు గుండెలు బాదుకుంటోంది. అందరి మధ్యా కన్నతల్లి మాత్రం గోడకు చేరగిలబడి, ఒళ్లో చేతులు పెట్టుకుని, బస్సు ఆలస్యమైన ప్రయాణికురాలిలా కూర్చుని ఉంది.

దుఃఖం ముదిరితే మనిషి కొయ్యబారిపోవడం మస్తూరాకు తెలియనిది కాదు. తన ఉద్యోగంలో అలాంటి తల్లుల్ని చాలామందినే చూసింది. కానీ కొయ్యబారిన మనిషి ఎవరొస్తున్నారో ఎవరెళ్తున్నారో కనిపెట్టుకుని కూర్చోదు. ఈవిడ కనిపెట్టుకునే ఉంది. ముఖ్యంగా వంటింటి వైపు ఎవరైనా అడుగేస్తే ఆవిడ కళ్లు చటుక్కున అటు తిరుగుతున్నాయి.

నిజానికి మస్తూరాకు అప్పగించింది చాలా చిన్న పని. పరాయి దేశం నుంచి శవం వస్తే కాగితాలు సరిచూసి, కోకంద్ నగర పోలీసుల తరఫున ఒక సంతకం గీకాలి. సంతకం పడితే సాయంత్రపు అసర్ నమాజు కాగానే శవాన్ని మోసుకెళ్లే జనాజా లేస్తుంది. మట్టి కప్పేశాక ఇక తవ్వి చూడాలంటే పైనుంచి కిందిదాకా ప్రతివాడి కాళ్లూ పట్టుకోవాలి. ఈలోగా కాగితాల మీద ఆమెకు అనుమానం తగులుకుంది.

కుర్రాడి పేరు అస్రోర్. వయసు ఇరవై. ఏడాదిగా ఇస్తాంబుల్‌లో ఇంజినీరింగ్ చదువు. రోడ్డు ప్రమాదంలో పోయాడు. మొహం గుర్తుపట్టేలా లేదు కనక పెట్టె తెరవకపోవడమే మంచిదని అక్కడివాళ్లు రాసి పంపారు. బాగానే ఉంది. మరి మొహం నుజ్జయ్యేంత దెబ్బ తగిలిన కుర్రాడి పాస్‌పోర్టుకు ఒక్క మడతైనా పడకపోవడమేమిటి? అట్ట ఇంకా నిగనిగలాడుతోంది. ఏడాదిగా దాన్నెవరూ బీరువాలోంచి బయటికే తీయనట్టుంది.

ఆమె అదాలత్ పక్కన చతికిలబడింది.

"అక్కా, రెండు మాటలు అడగాలి. ఓపికుందా?"

"అడుగు కెప్టెనమ్మా."

"అబ్బాయితో ఆఖరిసారి ఎప్పుడు మాట్లాడారు?"

"పోయిన నెల్లో."

"ఏమన్నాడు?"

"తిన్నావా అన్నాడు. తిన్నాన్రా, నువ్వో అన్నాను. నేనూ తిన్నానన్నాడు. తల్లీకొడుకులు ఫోన్లో ఇంకేం మాట్లాడుకుంటారు?"

"చదువు గురించి?"

"ఫొటోలు పంపేవాడు. కాలేజీ ముందు నిలబడి." అదాలత్ పైట కొంగులాంటి ముసుగు అంచుతో నోరు కప్పుకుని మాట్లాడుతోంది. "వీధిలో అందరికీ చూపించేదాన్ని. రొట్టెలు కొనడానికొచ్చినవాళ్లకి చూపించందే రొట్టె ఇచ్చేదాన్ని కాదు."

"ఒంటి మీద ఏదైనా గుర్తుందా? పుట్టుమచ్చో, దెబ్బ తాలూకు మచ్చో?"

అదాలత్ గబుక్కున ఇటు తిరిగింది. "పెట్టె తెరుస్తారా?"

ఆ గొంతులో భయం ఉండాలి. నుజ్జయిన కొడుకు మొహం చూడాల్సి వస్తుందన్న మాటకు ఏ తల్లయినా వణికిపోతుంది. మస్తూరాకు వినబడింది మాత్రం ఆశ. అది వచ్చినంత తొందరగానే ఆరిపోయింది. "వద్దులే. తెరవద్దులే అమ్మా," అంటూ అదాలత్ మళ్లీ గోడకు ఆనుకుంది.

"ఇంకా సంతకం పెట్టలేదా? పెన్నులో సిరా అయిపోయిందా?"

గుమ్మంలో మేజర్ ఉక్తమ్ సాదిఖోవ్. ఫెర్గానా ప్రాంతీయ కార్యాలయం నుంచి పొద్దున్నే దిగాడు. పోలీసు అకాడమీలో మస్తూరాకు రెండేళ్లు సీనియర్. ఆమెకు రావాల్సిన పదోన్నతి రెండుసార్లు ఎగరేసుకుపోయినవాడు. అతని భుజం వెనకే 'జహాన్ దర్వాజా' అధిపతి హకీమ్ తుర్దియేవ్ నిలబడ్డాడు. ఈ చుట్టుపక్కల పిల్లల్ని విదేశీ చదువులకు పంపేది ఆయన కంపెనీయే. అస్రోర్‌ను పంపిందీ, ఇప్పుడు పెట్టెను దగ్గరుండి తెప్పించిందీ ఆయనే. కొత్త కోటు మీద నడుంగుడ్డ కట్టుకుని, చచ్చినవాడి సొంత మేనమామలా మొహం వేలాడేసుకున్నాడు.

"సిరా ఉంది మేజర్ గారూ. నమ్మకమే కాస్త తక్కువైంది," అంది మస్తూరా లేస్తూ. "గొంతెండిపోతోంది, మంచినీళ్లు తాగొస్తాను."

అదాలత్ చటుక్కున లేవబోయింది. "నేను తెస్తా, నువ్వు కూచో!"

"మీరు కూర్చోండి అక్కా. ఇవాళ మీరు లేవకూడదు," అని మస్తూరా వంటింట్లోకి నడిచింది.

చావు జరిగిన ఇంట మూడు రోజులు పొయ్యి రాజేయరు. తిండి ఇరుగుపొరుగువాళ్లే తెస్తారు. ఆ ప్రకారమే బల్ల మీద పక్కిళ్ల పళ్లేలు మూతలు పెట్టి ఉన్నాయి. మస్తూరా ఒక్కో మూతా ఎత్తి చూసింది. ఎవరూ ముట్టుకోలేదు. పొయ్యి మీద చెయ్యి పెట్టింది. వేడిగా ఉంది. కింద అరలో గిన్నెల వెనక చిన్న సత్తు దబర దాచి ఉంది, అడుగున పెరుగు వేసిన బియ్యం జావ రవ్వంత మిగిలింది. ఒక మనిషికి సరిపడా వండిన గిన్నె అది. ఎవరో ఆకలి మీద వేలితో గోక్కుని తిన్న గీతలు కూడా ఉన్నాయి.

అప్పుడామె చూపు గోడ మీద పడింది.

మేకుకు కుట్టుపని చేసిన గుడ్డ, ఆ గుడ్డలో గుండ్రటి రొట్టె వేలాడుతోంది. ఆ ఇంట్లో అది ఉండి తీరాలి. దూరం వెళ్లే కొడుకు గడప దాటేముందు రొట్టె ఒక్క కొరుకు కొరికి తల్లి చేతికిస్తాడు. మిగతాది తిరిగొచ్చి తినాలి. అందాకా దాన్ని చీమ ముట్టకుండా కాపాడుకుంటుంది తల్లి. మస్తూరా అకాడమీలో చేరడానికి తాష్కెంట్ వెళ్లినప్పుడు కొరికిన రొట్టె మీద బూజు పడితే వాళ్లమ్మ వారం రోజులు అన్నం మానేసింది. ఇలాంటివి పట్టించుకోనని చెప్పుకునే మగాళ్లు కూడా ఊరి నుంచి తిరిగి రాగానే ముందు గోడ వైపే చూస్తారు.

ఆమె గుడ్డ విప్పింది. ఏడాది గోడకు వేలాడిన రొట్టె చెక్కముక్కలా గట్టిపడాలి. కొడితే టకటకమనాలి. ఇది వేలితో నొక్కితే లోపలికి దిగింది. పైన నల్లజీలకర్ర గింజలు రాలకుండా అంటుకునే ఉన్నాయి. కాల్చి వారం కూడా అయి ఉండదు. ఇక కొరుకు చూస్తే చిన్నది, ఇరుకుది. పైపళ్ల గీతలో నడిమధ్యన ఒక పన్ను పడలేదు. అక్కడ రొట్టె తెగకుండా మొటికలా మిగిలిపోయింది. పక్క గోడకు అస్రోర్ ఫొటో ఉంది. పెద్ద నోరు, వరసగా తెల్లటి పళ్లు, ఒక్కటి కూడా తక్కువ కాలేదు.

అంటే అసలు రొట్టె ఎవరో తీసుకున్నారు. దాని చోట ఇంకెవరో వేరే రొట్టె కొరికి వేలాడదీశారు.

ఎలుకలు తిన్నాయంటే ఏ తల్లీ కొత్తది వేలాడదీయదు, ఏడుస్తూ కూర్చుంటుంది. కొడుకు పోయాడని నమ్మితే రొట్టె అసలు గోడకే ఉంచదు. ఆ రొట్టె తినే హక్కు లోకంలో ఒక్కడికే ఉంది. అతను ఎంత దొంగచాటుగా వచ్చినా, నెత్తి మీద ఎంత ప్రమాదమున్నా, ఇంట్లో అడుగుపెట్టాక దాన్ని తినకుండా ఉండలేడు. ఇక్కడ పుట్టినవాడెవడూ ఉండలేడు. బోసిపోయిన మేకు చూసి అమ్మలక్కలు నిలదీస్తారని ఈ కొత్తది వచ్చి చేరింది.

"రొట్టెలు లెక్కపెడుతున్నావా?" సాదిఖోవ్ ఆమె వెనకే వచ్చాడు.

మస్తూరా నాలుక చివరిదాకా వచ్చింది మాట. ఇతగాడి ముందు తన తెలివి చూపించుకోవాలన్న దురద ఆమెకు పదేళ్లుగా ఉంది. కానీ గుమ్మం పక్కన హకీమ్ నీడ పడింది. నోరు మూసుకుంది.

"మంచినీళ్ల కుండ వెతుకుతున్నాను. మేజర్ గారూ, పెట్టె తెరవందే నేను సంతకం పెట్టను."

"మస్తూరా! ఆ తల్లి ముందు ఆ మొహాన్ని బయటికి తీస్తావా? మనిషివేనా నువ్వు?"

"తల్లికి చూపించను. నేను చూస్తాను."

"నువ్వేం డాక్టరువా? అక్కడ డాక్టర్లు చూశారు, పోలీసులు చూశారు, మన రాయబారులు ముద్ర కొట్టారు. వాళ్లందరికంటే నీకు ఎక్కువ తెలుసా?"

"వాళ్లెవరికీ అస్రోర్ మొహం తెలీదు కదా. పాస్‌పోర్టు చూసి పేరు రాశారు. పాస్‌పోర్టు తెచ్చిచ్చిందెవరో?"

హకీమ్ గుమ్మంలోకొచ్చాడు. "మా మనిషే ఇచ్చాడు చెల్లెమ్మా. పిల్లలు పారేసుకుంటారని మేమే భద్రపరుస్తాం. అందులో తప్పుందా?"

"మిమ్మల్ని అడక్కుండా జవాబు చెప్పడం తప్పేం కాదు హకీమ్ గారూ. కాకపోతే నాకు గుర్తుండిపోతుంది."

సాదిఖోవ్‌కు కోపం నషాళానికంటింది. "ఆయన్నెందుకు ఆడిపోసుకుంటావు? నా కొడుకు ఎల్యార్‌ను కూడా ఆయన మాట మీదే పంపాను. అదే కాలేజీ, అదే హాస్టలు, ఈ అస్రోర్ పక్క మంచమే. అందులో మోసముంటే నా బిడ్డను పంపుతానా? స్నేహితుడు పోయాడని వాడు ఏడ్చి ఏడ్చి మెసేజ్ పెట్టాడు తెలుసా?"

"ఏడుస్తూ మెసేజ్ ఎలా పెడతారు మేజర్ గారూ?"

"నీ వెటకారం నీ దగ్గరే ఉంచుకో. సంతకం పెడితే పెట్టు, లేకపోతే మానెయ్. నేను పెడతాను, నాకా అధికారముంది." అతను వాకిట్లోకి నడిచి గట్టిగా అరిచాడు. "ఇమాం గారూ, ఇక ఆలస్యం దేనికి? పెట్టె లేపండి. మసీదు దగ్గరే అసర్ చదువుకుందాం."

నలుగురు మగవాళ్లు పెట్టె వైపు కదిలారు. అంతే, అదాలత్ గోడ దగ్గర్నుంచి విసురుగా లేచింది. ఆడవాళ్లను తోసుకుంటూ వాకిట్లోకొచ్చి పెట్టెకు అడ్డంగా నిలబడింది. ముసుగు జారిపోయింది, పట్టించుకోలేదు.

"ఎవర్రా లేపేది? నా వాకిట్లోంచి నేను చెప్పకుండా ఎవడు లేపుతాడో చూస్తాను! ఒక్కరంటే ఒక్కరు స్నానం చేయించారా వాడికి? ఒక్కరు మొహం తుడిచారా? గొర్రెనైనా ఇలా తీసుకుపోరు గదరా!"

నోరు పెద్దగా తెరిచి అరుస్తున్న ఆవిడ పైవరసలో, నడిమధ్యన, ఒక పన్ను లేదు. మస్తూరాకు కావలసింది దొరికింది.

ఆమె అదాలత్ భుజాల చుట్టూ చెయ్యి వేసింది. "తల్లిని కాసేపు పడుకోబెడతాను. ఈలోగా పెట్టె కదిపితే శవపరీక్షకు అడ్డుపడ్డారని పేరు పేరునా రాస్తాను. మేజర్ గారి పేరుతో మొదలుపెడతాను," అంది అందరికీ వినబడేలా. వీధి గుమ్మం దగ్గరున్న తన కానిస్టేబుల్‌ను పిలిచి, ఎవర్నీ బయటికి పోనివ్వొద్దని చెవిలో చెప్పింది. అదాలత్‌ను వంటింట్లోకి నడిపించి తలుపు గడియ పెట్టింది.

"అక్కా, ఆ రొట్టె కొరికింది మీరే."

అదాలత్ నోటి మీదికి చెయ్యి పోయింది. ఆ ఒక్క కదలికతోనే ఒప్పుకున్నట్టయిందని తెలిసి చెయ్యి దించేసింది.

"అందరూ ఏడవమంటారు. బతికున్న బిడ్డను పోయాడని ఎలా ఏడవనమ్మా? నా నోటితో నేనే వాడికి చావు పిలుస్తానా? నా వల్ల కాలేదు. ఎంత ప్రయత్నించినా నా వల్ల కాలేదు."

"ఎక్కడున్నాడు?"

"వాణ్ణి వాళ్లకి పట్టివ్వనని మాటివ్వు ముందు."

"ఎవరికి?"

"బయటున్న ఇద్దరికీ."

మస్తూరా మాటిచ్చింది. పోలీసు ఉద్యోగంలో చేరాక ఆలోచించకుండా ఇచ్చిన మాట అదొక్కటే కావచ్చు.

వంటింటి వెనక తలుపు తీస్తే తందూరు, దాని పక్కన పత్తికట్టె పేర్చిన కొట్టు. అదాలత్ ముందు వరస కట్టెలు తప్పించింది. వెనక మనిషి పట్టేంత సందులో, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని ఒక కుర్రాడు కూర్చుని ఉన్నాడు. ఫొటోలోని నోరే, పళ్లే. బుగ్గలు మాత్రం ఎవరో చెక్కేసినట్టు పోయాయి. రెండు చేతులూ మణికట్ల దాకా నీలంగా ఉన్నాయి.

"చేతులకేమైంది?"

"రంగు." అస్రోర్ గొంతు బొంగురుగా ఉంది. "ఎంత రుద్దినా పోదు ఆంటీ. జీన్సు గుడ్డకి అద్దే రంగు."

"ఇంజినీరింగ్ కాలేజీలో గుడ్డలకు రంగులద్దుతారా?"

అతను నవ్వబోయి మానుకున్నాడు. "కాలేజీ ఒక్క వారం ఉంది. చెప్పుల కొట్టు మీద రెండు గదులు. మొదటిరోజే మా పెట్టెల్లోని చొక్కాలన్నీ తీయించి, బోర్డు ముందు నిలబెట్టి ఫొటోలు తీశారు. ఒకరి చొక్కా ఒకరికి తొడిగి, గొడుగు పట్టుకుని ఒకటి, చలికోటు వేసుకుని ఒకటి. ఏడాదికి సరిపడా ఫొటోలు ఆ పూటే తీసేశారు. తర్వాత పాస్‌పోర్టులూ ఫోన్లూ తీసుకుని నేలమాళిగలో తోశారు. అక్కడే పని, అక్కడే పడక. వారానికోసారి పక్కన మనిషిని పెట్టుకుని ఇంటికి ఫోను. ఏ ఫొటో పంపాలో కూడా వాడే చెప్పేవాడు."

"వీడియోలో ఒక్క సైగ చేయొచ్చుగా?"

"ఒకడు చేశాడు. వాడికి మూడు రోజులు అన్నం పెట్టలేదు." అస్రోర్ నీలం వేళ్లు చూసుకున్నాడు. "అయినా అదొక్కటే కాదాంటీ. వీధి వీధంతా వచ్చి నన్ను సాగనంపింది. అమ్మ అందరికీ ఫొటోలు చూపిస్తోంది. ఫోన్లో ఆ గొంతు వింటే నోరు వచ్చేది కాదు. రాత్రంతా ఎలా చెప్పాలో అనుకునేవాణ్ణి, తీరా మాట్లాడేటప్పుడు తిన్నావా అని అడిగేవాణ్ణి."

అదాలత్ కొడుకు తల మీద చెయ్యి వేసి నిమిరింది.

"ఎలా బయటపడ్డావు?"

"ఎల్యార్ వల్ల. మేజర్ గారబ్బాయి. పోలీసాయన కొడుకని వాడి పాస్‌పోర్టు ఒక్కటీ తిరిగిచ్చారు. పనిలో మాత్రం తేడా లేదు. ఒకరోజు వాడు కాపలావాడి కళ్లుగప్పి వాళ్ల నాన్నకు ఫోన్ చేశాడు. ఇక్కడ చదువు లేదు, గొడ్డుచాకిరీ చేయిస్తున్నారు అన్నాడు. ఆయన నమ్మలేదు. చదవడానికి బద్ధకమేసి కథలల్లుతున్నావు, మగాడివై భరించు అన్నాడట. వాడు ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదు."

"తర్వాత?"

"తర్వాత ఆ పాస్‌పోర్టు నాకిచ్చాడు. మా ఇద్దరికీ పోలికలు కాస్త కలుస్తాయి. నాన్న నా మాట నమ్మడు, నీ చేతులు చూస్తే నమ్ముతాడు, నువ్వే వెళ్లి చూపించు అన్నాడు. నేను లేనని తెలియకుండా నా కోటు తొడుక్కుని, లెక్కపెట్టేటప్పుడు తన నంబరుతో పాటు నా నంబరుకూ తనే పలుకుతానన్నాడు. అందరం కూలి దాచుకున్నది పోగేసి టిక్కెట్టు కొన్నాం. పక్క దేశంలోని ఓష్ దాకా విమానం, అక్కణ్ణుంచి సరిహద్దు రద్దీలో పడి వచ్చేశాను."

"మరి మేజర్ గారి దగ్గరికి వెళ్లలేదా?"

"రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి ఆయన లేడు. రెండోసారి హకీమ్ ఆయన పక్కన కూర్చుని పులావ్ తింటున్నాడు. గోడ అవతల్నుంచి చూసి పారిపోయి వచ్చేశాను. నేను పిరికివాణ్ణి ఆంటీ. ఆ రోజే లోపలికి వెళ్లి ఉంటే..." అతను ముంజేత్తో మొహం తుడుచుకున్నాడు. "ఈ పొద్దున నా పేరుతో పెట్టె వచ్చింది. నా కోటు ఎవరి ఒంటి మీదుందో నాకు తెలుసు."

మస్తూరా పత్తికట్టెల మీద చెయ్యి ఆనించి నిలబడింది. మిగతాది ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పోయింది ఎల్యారేనని అక్కడివాళ్లకూ తెలుసు. పోలీసు మేజరు కొడుకు తమ రంగు తొట్టెల మధ్య చచ్చాడంటే కంపెనీ పునాదులు కదులుతాయి. రొట్టెలమ్ముకునే వితంతువు కొడుకు రోడ్డు మీద చచ్చాడంటే నాలుగు ఏడుపులతో సరిపోతుంది. అస్రోర్ ఎటూ పారిపోయాడు, అతని పాస్‌పోర్టు వాళ్ల బీరువాలోనే ఉంది. అది తగిలించి పంపేశారు. ఎల్యార్ ఫోను కూడా వాళ్ల దగ్గరే ఉంది కాబట్టి, మట్టి కప్పేదాకా మెసేజీల్లో వాణ్ణి బతికించే ఉంచుతారు.

కోపంతో ఆమెకు చెవులు వేడెక్కాయి. ఆ వెంటనే బయట సంతకం కోసం కేకలేస్తున్న మనిషి గుర్తొచ్చాడు. పదేళ్లుగా ఈ మనిషి బోర్లా పడాలని కోరుకుంది. ఇలా కాదు. ఎవరికీ ఇలా కాదు.

అసర్ అజాన్ మొదలైంది.

ఆమె పత్తికట్టెలు తిరిగి పేర్చి, అదాలత్‌తో కలిసి వాకిట్లోకి వచ్చేసరికి మగవాళ్లు పెట్టె చుట్టూ చేరారు. హకీమ్ వీధి గుమ్మం దగ్గర కానిస్టేబుల్‌తో గొడవపడుతున్నాడు, అత్యవసరమైన పనుందట.

"అయిందా నిద్ర?" అన్నాడు సాదిఖోవ్. "ఇటివ్వు కాగితం."

మస్తూరా నోరు తెరిచేలోపే అదాలత్ ఆమెను దాటుకుని వెళ్లింది. పెట్టె పక్కన కూలబడి, రెండు చేతులతో మూతను వాటేసుకుంది. పొద్దుట్నుంచి రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఆ అరుపుకు లోపల శోకాలు పెడుతున్న ఆడవాళ్లంతా నోళ్లు మూసుకున్నారు.

"నాయనా! నీ తల్లికి కబురైనా లేదు కదరా! నీ ఇంటి గోడకు నీ రొట్టె ఇంకా వేలాడుతూనే ఉంది కదరా! నా బిడ్డకు దారిచ్చి నువ్వు పడుకున్నావా నాయనా!"

సాదిఖోవ్ కనుబొమలు ముడిచాడు. "ఏమంటోంది ఈవిడ? నీ తల్లి ఏమిటి, తల్లి ఈవిడే కదా?"

"మేజర్ గారూ," అంది మస్తూరా. "మీ అబ్బాయి గొంతు విని ఎన్నాళ్లయింది?"

"నా అబ్బాయి సంగతి ఇప్పుడెందుకు? రోజూ మెసేజ్ పెడతాడు."

"మెసేజ్ కాదు. గొంతు."

అతను అదాలత్ వైపు చూశాడు. పెట్టె వైపు చూశాడు. ఆ పెట్టె పొడవును అతను అప్పుడే మొదటిసారి గమనించినట్టుంది. జేబులోంచి ఫోన్ తీసి నంబరు నొక్కి చెవికి ఆనించుకున్నాడు. అవతల మోగుతోంది. మోగి మోగి, ఎవరో కావాలని కట్ చేశారు.

మళ్లీ నొక్కాడు. మళ్లీ కట్ చేశారు. వెంటనే ఫోన్ టింగుమంది.

"చూశావా! వాడే," అన్నాడు సాదిఖోవ్. ఊపిరి వదిలి, అందరికీ వినబడేలా పైకే చదివాడు. "'క్లాసులో ఉన్నాను నాన్నా, ఇప్పుడు మాట్లాడలేను. అస్రోర్‌ను పూడ్చిపెట్టడం అయిపోయిందా? అవగానే చెప్పండి.'"

చదివి ఫోన్ ఆమె మొహం ముందు పెట్టాడు. మస్తూరా దాన్ని చూడలేదు.

"ఇవాళ ఆదివారం అన్నా," అంది.

అకాడమీ వదిలాక అతన్ని ఆమె అలా పిలవడం అదే మొదలు. ఆ పిలుపుకే అతని మొహంలో రక్తం దిగిపోయింది. మళ్లీ మెసేజ్ చదువుకున్నాడు, ఈసారి పెదవులు మాత్రమే కదిలాయి. వీధి గుమ్మం దగ్గర హకీమ్ గొడవ మానేశాడు. ఆయన చూపు సాదిఖోవ్ మీద లేదు, పెట్టె మీదా లేదు. తెరిచి ఉన్న వంటింటి తలుపు మీదుగా, వెనక తందూరు పక్కన పత్తికట్టెల కొట్టు వైపు ఉంది. మస్తూరా చెయ్యి నడుము దగ్గరి తుపాకీ మీదికి పోయింది.

"తెరవండి," అన్నాడు సాదిఖోవ్.

ఎవరూ కదల్లేదు. ఇమాం ఏదో చెప్పబోయాడు.

"తెరవమంటున్నానా!"

"మీరు లోపలికి వెళ్లి కూర్చోండి అన్నా. నేను చూసి చెప్తాను."

అతను వినిపించుకోలేదు. అదాలత్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, మూతకు కొట్టిన మొదటి మేకును గోళ్లతో పీకడం మొదలుపెట్టాడు.